కుట్టే చెప్పింది

"నేను చెప్పలేదు" అని అత్తగారు అన్నది ఒక్కసారే. పొద్దున్న ఏడున్నరకి, టీ గ్లాసు కింద పెడుతూ అంది. ఆ తర్వాత నోరు మెదపలేదు.

డిజైనరుకి గుబులు పుట్టించింది ఆ మౌనమే. అత్తగారు పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్న సందర్భం, తను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆమెకి ఒక్కటీ గుర్తులేదు. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఆ దారాన్ని కూడా "రావే తల్లీ" అని బతిమాలే మనిషి ఆవిడ. రేడియో పాడై ఆరేళ్ళయినా బాగుచేయించే అవసరం రాలేదని కొడుకు ఎగతాళి చేస్తుంటాడు.

ఇప్పుడు పదకొండు కావస్తోంది. ఇంట్లో ముందు గదే వాళ్ళ పనిగది. కిటికీ పక్కన ఎత్తు పీట మీద కూర్చుని అత్తగారు తెల్ల కోటుకి హుక్కులు కుడుతోంది. మధ్యలో పొడవాటి బల్ల దగ్గర కటింగ్ మాస్టరు గుడ్డ పరిచి, కత్తెర చేత పట్టుకుని, కత్తిరించకుండా నిలబడ్డాడు. ఇంట్లో మాటలు పెరిగినప్పుడు కత్తెర కదపకూడదన్నది ఇరవై ఆరేళ్ళుగా ఆయన పెట్టుకున్న నియమం. చెయ్యి ఒక్కసారి అదిరిందంటే ఆ గుడ్డ ఇక దేనికీ పనికిరాదు.

ఫోను మోగింది. డిజైనరు తీసింది.

"చెప్పండి మేడమ్... అవునండీ, శుక్రవారమే... అయ్యో, ఎప్పటినుంచి?... లేదండీ, అలాంటిదేమీ లేదు. ఎవరన్నారు మీతో?... హలో... హలో..."

అవతల పెట్టేశారు.

"ఎవరు?" అన్నాడు భర్త. లెక్కల మాస్టారు ఆయన. బడికి సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చున్నాడు, తల్లికీ పెళ్ళానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా.

"హెడ్మిస్ట్రెస్ గారు. మోకాలు నొప్పిట. నడవలేరట."

"మొన్న మూడంతస్తులు ఎక్కొచ్చారుగా, కొలత చూసుకోడానికి?"

"మొన్నటి మోకాలు వేరు, ఇవాళ్టి మోకాలు వేరు." ఆమె ఫోను బల్ల మీద బోర్లించింది. "పొద్దున్నించీ ముగ్గురు. ఒకావిడకి ప్రయాణం తగిలింది. ఇంకొకావిడకి గొంతు పోయింది. ఆ సంగతి ఫోన్లో ఖంగున చెప్పింది."



శుక్రవారం ఆమె సొంత పేరు మీద మొదటి ఫ్యాషన్ ప్రదర్శన. అందులో నడిచేది కిరాయికి తెచ్చుకున్న బక్కపల్చటి అమ్మాయిలు కారు. ఆమె కుట్టిన బట్టలు రోజూ కట్టుకుని ఉద్యోగాలకి వెళ్ళే పన్నెండుమంది ఆడవాళ్ళు. వయసూ, ఒళ్ళూ, నడుం నొప్పీ ఉన్నవాళ్ళు. ఆ కొత్తదనం విన్నాకే పత్రికలవాళ్ళు వస్తామన్నారు, పెద్ద దుకాణాల వాళ్ళు కుర్చీలు అట్టేపెట్టమన్నారు. పన్నెండులో ముగ్గురు ఇవాళ తప్పుకున్నారు. అందరికన్నా ముందు నడవాల్సిన మనిషి నిన్న సాయంత్రమే తప్పుకుంది.

ఆమెని ఈ ఇంట్లో వార్తలమ్మాయి అంటారు. రోజూ ఏడు గంటలకి టీవీలో వార్తలు చదువుతుంది. నాలుగేళ్ళుగా ఆమె వేసుకునేవన్నీ ఇక్కడ కుట్టినవే. "ఆ కాలరు ఎవరు కుట్టారు, ఆ చేతులు ఎవరు పెట్టారు" అని అడిగి తెలుసుకుని, ఒకరి వెనక ఒకరు ఈ మూడంతస్తులూ ఎక్కొచ్చిన ఆడవాళ్ళు ఇవాళ్టికి నలభై ఇద్దరు.

నిన్న సాయంత్రం ఫోన్లో ఆమె గొంతు అస్సలు వార్తలు చదివే గొంతులా లేదు.

"నాకు నాలుగో నెలని మా అత్తగారికి ఎవరు చెప్పారు? మా ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు, మీకు తప్ప. ఎలా తెలిసిందత్తయ్యా అని అడిగితే, 'కుట్టే చెప్పింది' అని నవ్వుతోంది. మీ ఇంట్లో కుట్టేది ఎవరో, మా అత్తగారితో ఫోన్లో గంటలకి గంటలు కబుర్లాడేది ఎవరో నాకు తెలీదనుకున్నారా?"

నిజానికి డిజైనరుకి కూడా ఎవరూ చెప్పలేదు. టేపు చెప్పింది. నెలక్రితం నీలం డ్రెస్సుకి కొలత తీస్తుంటే, నడుము దగ్గర ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టింది. మూడు వారాల్లో అంగుళన్నర పెరిగింది. ఇద్దరి కళ్ళూ అద్దంలో కలిశాయి.

"తెలిసిపోయిందా?" అంది వార్తలమ్మాయి మెల్లిగా.

"నాకేం తెలీదు మేడమ్. చెయ్యి కొంచెం పైకెత్తండి" అంది డిజైనరు.

కొలతల పుస్తకంలో కూడా పాత అంకే వేసింది. అంత జాగ్రత్తపడింది. అలాంటిది, ఇప్పుడీ ఇంటి మాట మీద నమ్మకం లేదని ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి పాకిపోతోంది.

"అమ్మా" అన్నాడు భర్త, అప్పటికి నాలుగోసారి. "కావాలని అన్నావని ఎవరూ అనట్లేదు. మాటల్లో మాటగా ఎక్కడైనా నోరు జారిందేమో గుర్తుచేసుకో."

అత్తగారు హుక్కు బిగించి, దారం పళ్ళతో తెంపింది.

"పోయిన గురువారం మధ్యాహ్నం" అంది డిజైనరు. "ఆ కిటికీ దగ్గరే నిలబడి అరగంట మాట్లాడారు. వార్తలమ్మాయి అత్తగారితోనే. నేను లోపలికి రాగానే గొంతు తగ్గించారు. నేను చూశాను అత్తయ్యా."

"చూశావుగా. ఇంక అడగడం ఎందుకు?"

"ఏం మాట్లాడారో చెప్పమంటున్నాను."

"చెప్పను."

"అమ్మా!"

"నువ్వూరుకోరా. లెక్కలు చెప్పుకో పో."

మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టి, బీడీకోసం జేబు తడుముకుని, బయటికి వెళ్ళాలంటే అత్తాకోడళ్ళ మధ్యనుంచి నడవాలని గుర్తొచ్చి ఆగిపోయాడు.

డిజైనరుకి ముక్కుపుటాలు అదిరాయి. రాత్రి కంటి మీద కునుకు లేదు. పొద్దున్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ దిగలేదు. అలాంటప్పుడు మనిషి నోటికి హద్దుండదు.

"ఇదివరకటి కుట్టుపని కాదత్తయ్యా ఇది. అప్పుడు మీరు దిండు గలీబులూ బడి యూనిఫారాలూ కుట్టారు. యూనిఫారం గురించి ఎవరితో ఏం చెప్పుకున్నా ఏ కొంపా మునగదు. ఇప్పుడొచ్చేవాళ్ళు ఒంటిని నమ్మి మన చేతుల్లో పెడుతున్నారు. భర్తకి చూపించడానికి సిగ్గుపడే మచ్చలు మనకి చూపిస్తున్నారు. వాళ్ళ సంగతులు మీకు కాలక్షేపం కబుర్లయితే నేనేం కావాలి?"

అత్తగారు తలెత్తింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. దాన్ని పైకి తోసుకోలేదు.

"నేను వాగుడుకాయనే పిల్లా. ఎవరు కాదన్నారు? ఎదురింటాయన విగ్గు సంగతి చెబుతాను. నీ మొగుడు పదేళ్ళొచ్చినా పక్క తడిపిన సంగతి చెబుతాను."

"అమ్మా, మాస్టరు ఉన్నాడు" అన్నాడు కొడుకు.

"మాస్టరుకి ఎప్పుడో చెప్పాను. కానీ ఒక్క కొలత, ఒక్కటంటే ఒక్కటి, ఈ గది దాటి ఎప్పుడైనా చెప్పానా? ముప్పై ఏళ్ళు ఈ టేపు మెళ్ళో వేసుకు తిరిగాను. నువ్వన్న యూనిఫారాల్లోనే చూశాను, ఏ పిల్లకి ఇంట్లో తిండి సరిగ్గా పెట్టట్లేదో. ఎవరితో అన్నాను? వాళ్ళ గౌనులకి నాలుగు కుచ్చులు ఎక్కువపెట్టి ఊరుకున్నాను. కొలత చెప్పుకునే నోరు కాదిది."

చెప్పడం అయిపోయాక మళ్ళీ తల వంచేసుకుంది.

డిజైనరుకి నమ్మాలని ఉంది. నిజంగా ఉంది. కానీ నమ్మితే ఇంకో ప్రశ్న మిగులుతుంది. మరి ఎవరు చెప్పినట్టు? ఆ ప్రశ్నకి జవాబు లేదు గనక, అనుమానం తిరిగి తిరిగి ఆ కిటికీ పక్క పీట దగ్గరికే చేరుతోంది.

తలుపు గంట మోగింది.

వార్తలమ్మాయి లోపలికి వచ్చేదాకా ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. ముఖానికి పౌడరు కూడా లేదు. చేతిలో ఇంత పెద్ద సంచీ. దాన్ని కటింగ్ బల్ల మీద బోర్లించింది. బట్టలు కుప్పగా పడ్డాయి. అన్నిటికన్నా పైన నీలం డ్రెస్సు, తిరగేసి ఉంది.

"ఈ ఏడాది కుట్టినవి, పదకొండు. మీవి మీరు తీసుకోండి."

"మేడమ్, ముందు కూర్చోండి. మెట్లెక్కి వచ్చారు. మీరిప్పుడు..."

"నేనిప్పుడు ఎలా ఉండాలో అందరూ చెబుతున్నారు." ఆమె కూర్చోలేదు. "మా అత్తగారు చుట్టాలందరికీ చెప్పుకుంది. పొద్దున్నించి ఇరవై ఫోన్లు. మెట్లెక్కకు, పక్కకి తిరిగి పడుకో, సెలవు పెట్టు. మా ఆఫీసులో నా కుర్చీ ఎవరికిస్తారో కూడా మాట్లాడుకుంటున్నారట." గొంతు తడబడింది. వరదలూ ప్రమాదాలూ తొణక్కుండా చదివే గొంతు అది. "రెండుసార్లు మూడో నెల్లోనే అందరికీ చెప్పుకున్నాం. రెండుసార్లూ ఆ వారంలోనే పోయింది. చెప్పడం వల్ల పోలేదని నాకూ తెలుసు. చదువుకున్నదాన్నే. అయినా భయం. ఐదో నెల దాటేదాకా గాలికి కూడా తెలియకూడదని మొక్కుకున్నట్టు ఉన్నాను. అది కూడా దక్కనివ్వలేదు మీరు."

డిజైనరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేడమ్, ఒట్టు. నేను..."

"మీరు కాదు. ఆ రోజు అద్దంలో మీ మొహం చూశాను. మీరు చెప్పరు." వార్తలమ్మాయి కిటికీ వైపు తిరిగింది. "ఎవరు చెప్పారో ఒక్కసారి వాళ్ళ నోటితో వింటే చాలు."

అత్తగారు ఆమెను చూడడం లేదు. బల్ల మీద తిరగేసి పడున్న నీలం డ్రెస్సునే చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత సూదిని కోటు కాలరుకి గుచ్చి, పీట దిగింది.

"నేనే అమ్మా" అంది. "నోరు జారాను."

భర్త సగం లేచి అలాగే ఉండిపోయాడు. మాస్టరు తల గోడ వైపు తిప్పుకున్నాడు.

డిజైనరుకి ఆ క్షణంలో కలిగింది కోపం కాదు, బాధా కాదు. హమ్మయ్య అనిపించింది.  అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది. కానీ ముందు అనిపించింది మాత్రం అదే.

"ఎందుకండీ?" వార్తలమ్మాయి అరుస్తుందనుకున్నారు. అరవలేదు. పిల్ల అడిగినట్టు అడిగింది. "నేనేం చేశాను మీకు?"

"ముసలిదాన్ని. మంచి మాట కడుపులో పట్టలేదు. తప్పే."

"పెద్దవారు. మిమ్మల్ని నేనేం అనగలను?" ఆమె ముక్కు తుడుచుకుని డిజైనరు వైపు తిరిగింది. "ఒప్పుకున్నారు, అది చాలు. శుక్రవారం నేను వస్తాను. మిగతావాళ్ళకి కూడా నేనే ఫోన్ చేసి చెబుతాను. నిన్న కోపంలో చెడగొట్టింది నేనేగా. కానీ ఒక్క మాట. ఈవిడ ఇంక ఈ గదిలో కూర్చోకూడదు. మా కొలతలు తీసేచోట, మా బట్టలుండేచోట ఈవిడ కనిపించకూడదు. ఇది నా ఒక్కదాని కోసం అడగట్లేదు."

డిజైనరు భర్తను చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. అత్తగారిని చూసింది. ఆవిడ సరే అనమన్నట్టు కళ్ళతోనే చెప్పింది.

"సరే మేడమ్" అంది డిజైనరు.

వార్తలమ్మాయి తెచ్చిన బట్టలు తెచ్చినట్టే వదిలేసి, శుక్రవారం నీలం డ్రెస్సే వేసుకుంటానని చెప్పి, గోడ పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దిగి వెళ్ళింది.

ఆమె అడుగుల చప్పుడు కింద ఆగింది.

"పొద్దున్న చెప్పలేదన్నావు" అన్నాడు కొడుకు.

"ఇప్పుడు చెప్పానన్నాను. రెంటిలో ఏది నచ్చితే అది నమ్ము." అత్తగారు తన దారపు ఉండలు ఒక్కొక్కటే డబ్బాలో సర్దుకుంటోంది. తెల్లవి ఓ పక్క, నల్లవి ఓ పక్క. "ఈ పీట వంటింట్లో పడుతుందంట్రా? లేకపోతే వెనక వరండాలో వేసుకుంటాను. ఎండ కూడా పడుతుంది."

"అత్తయ్యా, నాలుగు రోజులే. వేడి చల్లారాక..."

"అలాగేలే."

ఆ మాటలో కోపం లేదు. అందుకే డిజైనరు అక్కడ నిలబడలేకపోయింది. చేతులకి ఏదో పని కావాలి. నీలం డ్రెస్సు తీసి, తిరగేసి ఉన్నదాన్ని మంచి వైపుకి తిప్పుదామని లోపలికి చెయ్యి పెట్టింది.

నడుము దగ్గర వేళ్ళకి ఏదో తేడాగా తగిలింది.

వెలుతురులోకి తీసుకెళ్ళింది. లోపలి లైనింగు జానెడు మేర ఎవరో విప్పి, మళ్ళీ చేత్తో కుట్టారు. దారం నీలమే, కానీ తమ డబ్బాలో ఉండే నీలం కాదు, ఒక్క రవ్వ ముదురు. కుట్లు చిన్నవి, ఒకదాని పక్కన ఒకటి కొలిచినట్టున్నాయి. వార్తలమ్మాయికి ఊడిన గుండీ కుట్టుకోవడం రాదు. ఇది ఏళ్ళ తరబడి సూది పట్టిన చెయ్యి.

ఆ లైనింగు కింద ఏముందో డిజైనరు చూడక్కర్లేదు. మామూలుగా కుట్టు లోపల ముప్పావంగుళం గుడ్డ వదులుతారు. ఈ ఒక్క డ్రెస్సుకి, నడుము దగ్గర మాత్రం, తనే రెండు పక్కలా మూడేసి అంగుళాలు వదిలింది. నెలనెలా కొంచెం కొంచెం విప్పి వదులు చేసుకోవచ్చని. ఆ అమ్మాయి కొత్త బట్టలు కుట్టించుకుంటే జనానికి అనుమానం వస్తుందని. ఎంతో ఆలోచించి, ఎంతో ప్రేమగా వదిలింది.

భుజాల దగ్గర కాదు. ఛాతీ దగ్గర కాదు. నడుము దగ్గర. కుట్టుపని తెలిసిన ఏ ఆడదానికైనా ఇంకేం చెప్పాలి?

"మాస్టరూ" అంది. "ఆ పెద్దావిడ, వార్తలమ్మాయి అత్తగారు, కుట్టుపని చేసేవారా?"

"చేసేవారా ఏమిటమ్మా? వయసులో ఉండగా ఆవిడ చేతి కాజాలంటే మా గురువే లేచి నిలబడేవాడు. ఇప్పటికీ ఏ గుడ్డ చేతికిచ్చినా ముందు తిరగేసి చూస్తుంది. పైన చూస్తే ఏముంది, లోపల చూడాలంటుంది."

"కుట్టే చెప్పింది" అని పైకే అంది డిజైనరు. ఇంకోసారి అంది. నిన్నటినుంచీ వందసార్లు మనసులో తిప్పుకున్న మాట. కుట్టే ఆవిడ చెప్పిందనే విన్నారు అందరూ. వార్తలమ్మాయి అలాగే వింది, తనూ అలాగే వింది. పెద్దావిడ అన్నది మాత్రం ఉన్నదున్నట్టే అంది. కుట్టు. ఆ కుట్టే చెప్పింది.

డ్రెస్సు పట్టుకుని అత్తగారి ముందుకు వచ్చింది. "మీకు తెలుసు."

అత్తగారు డబ్బా మూత పెట్టింది. "గురువారం ఆవిడ ఫోను చేసింది అందుకే. 'నడుము దగ్గర అంత గుడ్డ వదిలారేంటి వదినగారూ' అని అడిగింది. మా కోడలికి గుడ్డ కత్తిరించాలంటే ప్రాణం పోతుంది, అన్నిటికీ అంతే వదులుతుందన్నాను. నవ్వింది. 'భుజాలకి వదల్లేదే' అంది. అరగంటసేపు ఏవేవో చెప్పి మాట మార్చబోయాను. ఆవిడ మారుతుందా?"

"మరి పొద్దున్న నేను అన్నేసి మాటలంటుంటే..."

"నువ్వు వదిలావు. లైనింగు వేసి దాచింది నేను. నీదంటే నాది కాదా?" ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "శుక్రవారం పెట్టుకుని, నీ కుట్టే కొంప ముంచిందని ఎలా చెప్పేది? బట్టలన్నీ ముందేసుకుని విప్పడం మొదలుపెడతావు. నీ సంగతి నాకు తెలీదూ?"

డిజైనరు చెప్పుల కోసం చూసింది. "ఆమె ఇంకా దూరం పోయుండదు. వెళ్ళి చెప్పేస్తాను."

"ఏమని?"

"తప్పు నాదని. మీరేం అనలేదని."

"ఆగు. ఆగు పిల్లా." అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇంటికెళ్ళి ఆమె నలుగురికీ చెబుతుంది. ఎవరూ వాగలేదట, కుట్టు తిరగేసి చూస్తే తెలిసిపోయిందట అని. అప్పుడు నలభై ఇద్దరూ ఇంటికెళ్ళి ఏం చేస్తారు?"

డిజైనరుకి అప్పుడు వెలిగింది. 

నలభై ఇద్దరూ బీరువాలు తీసి బట్టలు తిరగేస్తారు. హెడ్మిస్ట్రెస్ గారి కోట్లన్నిటికీ ఎడమ భుజంలో దూది పొర ఉంటుంది. ఆ భుజం ఎందుకు వాలిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. వకీలమ్మ జాకెట్లకి లోపల ఒక పక్క మెత్తటి జేబు ఉంటుంది, రొమ్ము ఆపరేషన్ తర్వాత. ఎవరి ఒంటిలోని దిగులు ఏదో, అది వాళ్ళ బట్టల లోపల ఉంది. తన పనితనం గొప్పదని అందరూ మెచ్చుకునేది దానికే. బయటికి ఏమీ కనిపించదు, లోపల అంతా రాసి ఉంటుంది. చదవడం వచ్చినవాళ్ళుంటే చాలు.

"ముసలావిడ వాగిందంటే రెణ్ణెల్లలో మర్చిపోతారు" అంది అత్తగారు. "ముసలివాళ్ళు వాగుతారు, అది లోకరీతి. డిజైనరు కుట్టు నమ్మకూడదంటే మాత్రం నువ్వు మళ్ళీ దిండు గలీబులు కుట్టుకోవాలి. నన్ను వరండాలో కూర్చోనీ."

"అమ్మ చెప్పింది కూడా..." అని భర్త ఏదో మొదలుపెట్టి, పెళ్ళాం మొహం చూసి నీళ్ళు నమిలాడు.

"మీరు ముప్పై ఏళ్ళు కాపాడుకున్న మాట అత్తయ్యా" అంది డిజైనరు. "కొలత బయటపెట్టే నోరు కాదన్నారే. ఊళ్ళో అందరూ ఇక..."

"అనుకోనీ."

"నా వల్ల కాదు."

"అవుతుంది. శుక్రవారం దాకా తమాయించుకో."

ఫోను మోగింది.

ఈసారి డిజైనరు చెయ్యి వెంటనే పోలేదు. నాలుగుసార్లు మోగాక తీసింది.

"అమ్మాయీ, నేనమ్మా, వార్తలు చదివే అమ్మాయి అత్తగార్ని" అంది అవతల గొంతు. హుషారుగా, గట్టిగా ఉంది. గదిలో అందరికీ వినపడుతోంది. "మా కోడలు అక్కడికొచ్చి ఏదో రభస చేసిందట కదా? ఇప్పుడే దార్లోంచి ఫోన్ చేసి చెప్పింది. మీ అత్తగారు నాకు చెప్పేశానని ఒప్పుకున్నారట! ఇదెక్కడి చోద్యం? ఆవిడ నాకేం చెప్పలేదే! నేనే అడిగితే ఆవిడ ఎంత బుకాయించిందనుకున్నావు, కోర్టులో సాక్షి కూడా అంతలా బొంకడు. నేను కుట్టు విప్పి చూశానమ్మా. అది చెబుదామనే అనుకున్నాను, ఈ లోపల తనే ఏదో అనేసుకుంది. పాపం, ఆవిడ మీద నింద ఎందుకు? ఇదిగో, కోడలు కింద కారు దిగుతోంది. పైకి రాగానే అసలు సంగతి చెప్పేస్తాను. చెప్పనా?"

డిజైనరు అత్తగారి వైపు చూసింది.

అత్తగారు తల అడ్డంగా ఊపింది. వద్దు. ఇంకోసారి ఊపింది. వద్దు, వద్దు.

గోడకి వరసగా పన్నెండు డ్రెస్సులు వేలాడుతున్నాయి. తొమ్మిదేళ్ళ కష్టం. డిజైనరు కళ్ళు వాటి మీద ఈ చివరనుంచి ఆ చివరకి వెళ్ళాయి.

"హలో? ఉన్నావా అమ్మాయీ? చెప్పెయ్యనా?"

"చెప్పకండి" అంది డిజైనరు.

గొంతు ఆమెదే. అంత స్పష్టంగా, అంత తొందరగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

ఊపుతున్న తల ఆగిపోయింది. అత్తగారి మొహంలో గెలిచిన తృప్తి ఏదైనా ఉంటుందేమోనని డిజైనరు వెతికింది. లేదు. అడిగిందే ఇచ్చినా, ఇవ్వరని ఎక్కడో ఆశపెట్టుకున్న మనిషి మొహం అది. ఇంకొక్కసారి కాదనాల్సింది. ఒక్కసారి పోట్లాడాల్సింది. ఆ సంగతి డిజైనరుకి అప్పుడు తెలిసింది. తెలిసీ ఫోను మీదున్న చెయ్యి కదల్లేదు.

అత్తగారు దారపు డబ్బా చంకలో పెట్టుకుంది. పీట ఎత్తబోతే కొడుకు అందుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది, వెనక్కి తిరక్కుండానే.

"మాట్లాడడం అయ్యాక భోజనానికి రండి" అంది. "వడ్డించి ఉంచుతాను."

కోడలితోనే అంది. తొమ్మిదేళ్ళలో ఆవిడ ఆమెని 'రండి' అనడం అదే మొదటిసారి.

ఫోన్లో పెద్దావిడ ఇంకా అడుగుతూనే ఉంది. "ఎందుకమ్మా చెప్పొద్దంటున్నావు? ఇదిగో, తలుపు తీస్తోంది. తొందరగా చెప్పు, ఎందుకు?"